ముద్దు గురించి రాశాను, గ్లాసు గురించి రాయలేదు

శుక్రవారం మార్నింగ్ షో వదిలే టైముకి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "అక్కా, ఇది చూశావా, దీని మీద నువ్వు రాసి తీరాలి." "మేడమ్, ఆ పాటలో స్టెప్పు చూశారా, మీరు కూడా ఊరుకుంటే ఎలా?" పంపేవాళ్ళు మంచివాళ్ళే, నా రాతల మీద ఇష్టం ఉన్నవాళ్ళే. క్లిప్పు ముప్పై సెకన్లు ఉంటుంది, చూడగానే నాకూ ఒళ్ళు మండుతుంది, ల్యాప్‌టాప్ తెరుస్తాను, రెండు పేరాలు వాటంతటవే వచ్చేస్తాయి. ఈ మధ్య నేను అక్కడే ఆగిపోతున్నాను. అంత సులువుగా వచ్చాయంటే అవి నేను ఇదివరకే రాసేసిన పేరాలు అయ్యుంటాయి, కాకపోతే ఇంకెవరో రాసినవి.

పదేళ్ళకు పైగా సినిమాల మీదా టీవీ మీదా రాస్తున్నాను. ఎలా రాయాలో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాక్యాలు చిన్నవి చెయ్యి, కథ చెప్పెయ్యకు, హీరో పేరు హెడ్డింగులో పెట్టు. దేని గురించి రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, అసలది అడగాల్సిన ప్రశ్న అనే తోచలేదు. శుక్రవారం ఏది వస్తే అది, ఏది గొడవైతే అది. మా చిన్నప్పుడు అమ్మ రైతుబజారుకి వెళ్ళి ఆ రోజు ఏ కూర చవగ్గా ఉంటే అదే తెచ్చి వండినట్టు, నేనూ ఆ వారం ఏది కుప్పలుగా పోశారో దాన్నే వండుతూ వచ్చాను. అమ్మకి డబ్బుల ఇబ్బంది ఉండేది. నాకేం ఇబ్బంది?

ఇప్పుడు నాకో పంతం పట్టుకుంది. నాకు కోపం తెప్పించినవాటి గురించి రాయడం వీలైనంత తగ్గించి, నన్ను నవ్వించినవాటి గురించి, ఏడిపించినవాటి గురించి, నేను ఈల వేసినవాటి గురించి రాయాలని. ఇది మంచి మాటలు రాద్దాం, పాజిటివ్‌గా ఉందాం అనే బాపతు కాదు. నిజానికి ఇలా రాస్తే వచ్చే విమర్శే ఎక్కువ మంట పెడుతుంది, అది ముందు నా మీద నాకే పెడుతుంది. ఎందుకో చెప్పాలంటే 2017కి వెళ్ళాలి.

ఆ ఏడు ఆగస్టులో అర్జున్ రెడ్డి వచ్చింది. సినిమా రాకముందే గొడవ వచ్చింది. ఆర్టీసీ బస్సు మీద అంటించిన ముద్దు పోస్టర్‌ని కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు చింపేశారు, దానికి హీరో ఫేస్‌బుక్‌లో "తాతయ్యా, చిల్" అన్నాడు, జనం రెండుగా చీలిపోయారు. నేను తాతయ్య వైపు లేను, హీరో వైపూ లేను, మూడో వైపున్నానని చూపించుకోవాలి కదా, సినిమా చూసొచ్చిన రాత్రే కూర్చుని పెద్ద వ్యాసం రాశాను. జూనియర్ అమ్మాయి చెంప మీద అడక్కుండా ముద్దు పెట్టడం, ఆ అమ్మాయి నాది అని క్లాసులో చాటింపు వెయ్యడం, ఆ పిల్ల నోరు విప్పకపోవడం, అన్నీ రాశాను. అన్నీ సరైనవే. ఇప్పటికీ అందులో ఒక్క వాక్యం తప్పని చెప్పను. నా బ్లాగులో అంతమంది చదివింది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

కానీ ఆ వ్యాసంలో ఎనభై శాతం నేను సినిమా చూడకుండానే రాయగలిగేదాన్ని. ట్రైలరు, పోస్టరు, నలుగురు చెప్పిన కథ ఉంటే చాలు. హాల్లో మూడు గంటలు కూర్చున్నదానికి ఆ వ్యాసంలో సాక్ష్యమే లేదు.

మరి హాల్లో నాకేం జరిగింది? నేను నవ్వాను. పనామె గ్లాసు పగలగొడుతుంది, హీరో ఆమె వెంటపడతాడు, ఆమె ప్రాణభయంతో పరుగో పరుగు. హాలంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను, పక్కన మా ఆయన నవ్వుతుంటే ఆయన భుజం మీద కొట్టి మరీ నవ్వాను. ఒక గ్లాసు పగిలినందుకు ఇంత మనిషి వెంటపడితే, ఆ ఇంట్లో నెలజీతానికి పనిచేసే ఆడమనిషి పరిగెత్తడం మాకందరికీ కామెడీ. మా ఇంట్లో పని చేసే ఆవిడ చేతిలో అంతకు నెల క్రితమే ఒక గాజు గిన్నె పగిలింది. అప్పుడు నేనేమన్నానో, ఆమె మొహం ఎలా పెట్టిందో నాకు బాగా గుర్తు. ఇవేవీ వ్యాసంలో లేవు. ముద్దు గురించి రాశాను, గ్లాసు గురించి రాయలేదు. ముద్దు నన్నేమీ అడగలేదు, గ్లాసు అడుగుతుంది కాబట్టి.

అదే దర్శకుడు 2019లో హిందీలో ఆ సినిమానే మళ్ళీ తీశాడు, 2023లో ఇంకోటి తీశాడు, రెండుసార్లూ నాలాంటివాళ్ళం అవే వ్యాసాలు పేర్లు మార్చి రాశాం. ఆయన ఇంటర్వ్యూల్లో విమర్శకులకి జవాబులు చెప్పాడు, ఆ జవాబుల మీద మళ్ళీ మనం రాశాం. మన కోపానికి వాళ్ళు ముందే కుర్చీ వేసి ఉంచారు. మనం వచ్చి అందులో కూర్చున్నాం, టికెట్లు తెగాయి. నవ్వుకి మాత్రం ఎవరూ కుర్చీ వెయ్యరు, ఆ నవ్వు మీద ఎవరో వ్యాసం రాస్తారని సినిమా తీసినవాడు అనుకోడు కూడా. కోపం వచ్చినప్పుడు మనం తలుపు గడియ పెట్టుకునే ఉంటాం, ఆ సినిమా లోపలికి రాలేదు. నవ్వొచ్చిందంటే అది ఎప్పుడో లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు కథ ఉంది.

మాది కరీంనగర్ దగ్గర ఊరు. 1998లో గణేష్ సినిమా వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అందులో కోట శ్రీనివాసరావు ఆరోగ్య మంత్రి, దుర్మార్గుడు, తెలంగాణ యాసలో మాట్లాడతాడు. పిల్లలమంతా ఆయన మాటల్ని వారం రోజులు అనుకరించాం. ఒక రాత్రి అన్నాల దగ్గర నేను కోటలాగా మెడ ఊపుతూ ఏదో డైలాగు చెప్తుంటే అందరూ నవ్వారు, మా నాయినమ్మ కూడా నవ్వింది. నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "వాడు అచ్చం నా లెక్కనే మాట్లాడుతుండు గదనే" అంది. బాధపడుతూ అనలేదు, ముచ్చటపడుతూ అంది. సినిమాలో తనలాగా మాట్లాడేవాడు ఒకడు కనబడ్డాడు, అంతే. వాడు విలనైతే ఏం?

బడిలో అప్పటికే మా తెలుగు సారు 'గట్ల' అంటే 'అలా' అని, 'ఏమాయె' అంటే 'ఏమయింది' అని దిద్దించేవారు. సినిమాలో హీరో 'అలా' అనేవాడు, విలన్ 'గట్ల' అనేవాడు. బడీ సినిమా కలిసి ఒకే పాఠం చెప్పాయి, నేను ఫస్టు మార్కులతో పాసయ్యాను. ఈ వ్యాసం ఏ తెలుగులో రాస్తున్నానో చూడండి, ఆ పాసయిన సర్టిఫికెట్ అదే.

కోట మీద నాకేం కోపం లేదు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన మనిషి ప్రతిఘటన (1985) నాటికే మా యాసని అంత ఒడుపుగా పట్టుకున్నాడంటే అది నటుడి చెవి గొప్పతనం. ప్రశ్న ఆయన్ని అడగాల్సింది కాదు. ఆ ఒడుపుని మంత్రికీ రౌడీకీ తాగుబోతుకీ రిక్షావాడికీ పనిమనిషికీ వాడి, హీరో తల్లికి ఒక్కసారి కూడా వాడనివాళ్ళని అడగాల్సింది. శకుంతల అనే నటి ఉండేది, పుట్టింది మహారాష్ట్రలో, మా యాస అద్భుతంగా పలికేది, దాంతో ఆమె పేరు ముందు 'తెలంగాణ' అని చేరిపోయి తెలంగాణ శకుంతల అయింది. కృష్ణా జిల్లా మాట బాగా పలికే నటుడి పేరు ముందు ఎవరూ జిల్లా పేరు చేర్చలేదు. ఎందుకు చేరుస్తారు, అది యాస కాదు కదా, అది 'తెలుగు'!

ఈ సంగతిని నేను కనిపెట్టలేదు. తెలంగాణ ఉద్యమంలో కవులూ లెక్చరర్లూ మామూలు జనమూ గొంతు చించుకుని చెప్పారు, మా భాషని విలన్లకీ జోకర్లకీ ఇచ్చారని. అప్పుడు నేను హైదరాబాద్‌లో డిగ్రీ, పీజీ చదువుతున్నాను. మొదట విన్నప్పుడు నా మనసులో వచ్చిన మాట సిగ్గు లేకుండా చెప్తాను: 'ఇదీ ఒక సమస్యేనా? నీళ్ళూ ఉద్యోగాలూ వదిలేసి సినిమాలో విలన్ ఎలా మాట్లాడితే మీకెందుకు?' తెలుగు సినిమా మీద వచ్చిన విమర్శల్లో నాకు తెలిసి అన్నిటికన్నా పదునైనది ఇదే, దాన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు చిన్న విషయం అనిపించింది. అందరూ ఇరవై ఏళ్ళుగా నవ్వుతున్నదాన్ని ఒకరు చూపించి 'దీని గురించి మాట్లాడుకోవాలి' అన్నారు. దానికి రిలీజు డేటు లేదు, గొడవ లేదు, ఒక హీరో పేరు లేదు, హెడ్డింగు పెట్టడానికి ఏమీ లేదు. ఆ విషయాన్ని ఎంచుకోవడంలోనే సగం విమర్శ అయిపోయింది.

ఫలితం కూడా మామూలుగా రాలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది, 2017లో ఫిదా వచ్చింది, బాన్సువాడ పిల్ల మా మాటలో హీరోని దబాయిస్తుంటే విజయవాడలోనూ ఈలలు వేశారు. 2023 మార్చిలో నెల తిరక్కుండా బలగం, దసరా రెండూ వచ్చాయి. బలగాన్ని ఊళ్ళల్లో తెర కట్టి చూపించారు, అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లలో రాశారు. ఇదంతా ఒక వ్యాసం వల్ల కాలేదు, ఉద్యమం వల్లా మార్కెట్ వల్లా అయింది, నాకు తెలుసు. కానీ ముద్దు పోస్టర్ మీద మనం రాసిన వేల పేజీలు కలిసి ఏం మార్చాయో చెప్పమంటే నాకు నోరు పెగలదు.

రాయలసీమవాళ్ళది ఇదే బాధ, ఇంకో రకం. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర, ఆది. సుమోలు గాల్లోకి లేచేవి, సీమలో ఇంటికొక బాంబు ఉంటుందని మిగతా తెలుగువాళ్ళు నమ్మేశారు. ప్రేమించుకుందాం రాలో జయప్రకాష్ రెడ్డి ఆ యాసతో భయపెడితే మేం మురిసిపోయాం. కర్నూలు నుంచి వచ్చిన మా హాస్టల్ పిల్లని మొదటి రోజే "మీ ఇంట్లో కత్తులుంటాయా?" అని అడిగింది నేనే. జోకే. ఆ పిల్లా నవ్వింది. మా నాయినమ్మ నవ్వినట్టే.

అయితే, 'మా మీద ఇలా తీశారు' అని అడిగిన ప్రతిదీ ఈ కోవలోకి వస్తుందా? రాదు. 'మనోభావాలు' అనే ఇంకో గుంపు ఉంది. 2019లో వాల్మీకి అనే సినిమా విడుదలకి ముందు రాత్రి గద్దలకొండ గణేష్ అయింది. అదే ఏడు కమ్మ రాజ్యంలో కడప రెడ్లు అనేది అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు అయింది, ఒక అక్షరం మారి, రెడ్లు బిడ్డలయ్యారు. ఎవరు గాయపడ్డారో, ఎంత గాయపడ్డారో నేను కొలవను, పేరు మీద అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. నేను చూసేది ఒకటే. గొడవ ఎక్కువగా పేరు చుట్టూనే తిరిగింది. పేరు కింద ఉన్న రెండున్నర గంటల సినిమా గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. నిజంగా సినిమాలో ఏదో ఉందని బాధపడ్డవాళ్ళు అట్ట మార్చగానే ఇంటికి వెళ్ళరు. తెలంగాణవాళ్ళు అడిగినది అట్ట కాదు, అందుకే అది తెమలడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇక టీవీ. ఇక్కడ మనవాళ్ళకి, అంటే నాలాగా రాసుకునేవాళ్ళకి, ఒక విచిత్రమైన గుడ్డితనం ఉంది. కార్తీకదీపం 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది, పదిహేను వందల ఎపిసోడ్లు దాటింది. ప్రకటనలు తీసేసి ఎపిసోడ్‌కి ఇరవై నిమిషాలు వేసుకున్నా ఐదు వందల గంటలు, అంటే రెండు వందల సినిమాలు. రేటింగుల్లో ఏళ్ళ తరబడి దాన్ని కొట్టినవాళ్ళు లేరు. రెండు వందల సినిమాలంత కథని కోట్లమంది రోజూ అన్నం తినే వేళకి చూస్తుంటే మనం ఏం రాశాం? అందులో హీరోకి పెళ్ళాం మీద అనుమానం, పుట్టేది తన బిడ్డ కాదని. "ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే సీరియల్ అయిపోతుంది కదా, పైగా వాడు డాక్టరు" అని మీములు వేసుకున్నాం. నేనూ వేశాను. వందకి పైగా లైకులు.

మా అత్తమ్మ ఆ సీరియల్ ఒక్క రోజు వదల్లేదు. ఒక రోజు ఆమె పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ నేను వెటకారం చేస్తుంటే కాసేపు విని, "నల్లగా ఉందని దాన్నంత బాధపెడుతున్నారు సరే, నల్లపిల్ల వేషానికి వీళ్ళకి ఒక నల్లపిల్ల దొరకలేదా? రంగు పూసి తెచ్చారు" అంది. ఆమె పదో తరగతి చదవలేదు. నేను మీడియా మీద పీజీ చేశాను. నలుపుని చులకన చేసే అత్తల గురించిన సీరియల్‌లో అసలైన నల్లపిల్లకి పని లేదన్న మాట, ఆ రెండు ముక్కల్లో ఉన్నంత విమర్శ, అప్పటికి ఆ సీరియల్ మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు, ఎందుకంటే దాని మీద వ్యాసాలే లేవు. ఇంకోటి కూడా ఆమే చెప్పింది. హీరోయిన్ని ఊరంతా వంటలక్క అంటారు, చేసే పనిని బట్టి వచ్చిన పేరు. "ఎప్పుడన్నా సీరియల్ ఆడదాన్ని పనిని బట్టి పిలిచారా? ఎప్పుడూ ఫలానావాడి పెళ్ళాం, ఫలానా ఇంటి కోడలు. ఇది వంటలక్క. అందుకే అందరికీ నచ్చింది." నచ్చిన కారణం నేను ఎప్పుడూ అడగలేదు. నచ్చడం అనేది మామూలు జనం బలహీనత అన్నట్టు, నాకు నచ్చకపోవడమే నా అర్హత అన్నట్టు ఉండేది నా వ్యవహారం.

ఆ తర్వాత ఆమె దగ్గర కూర్చుని మూడు నెలలు సీరియల్స్ చూశాను, నోట్సు రాసుకుంటూ. చూసి చూసి నాకే తరువాతి రోజు ఏమవుతుందో అని టెన్షన్ పట్టుకుంది, అది వేరే కథ.

జబర్దస్త్ సంగతి కూడా ఒప్పుకోవాలి. 2013 ఫిబ్రవరిలో మొదలైంది, గురువారం రాత్రి వచ్చేది, శుక్రవారం దాని ఎక్స్‌ట్రా. మా ఇంట్లో మూడు తరాలు కలిసి చూసిన కార్యక్రమం అదొక్కటే. ఆడవేషం వేసిన మగాళ్ళు, వాళ్ళ నడుము మీద జోకులు, మొగుడు చేతిలో చెంపదెబ్బ, మళ్ళీ జోకు. చదువుకున్నవాళ్ళం దాన్ని బూతు అని తీసిపారేశాం. బూతు అన్న మాట చాలా సుఖమైన మాట, అది అనేశాక ఇంక చూడక్కర్లేదు. కానీ బూతు వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు, పిల్లలున్నారని ఛానల్ మార్చేవాళ్ళు. నవ్వు వచ్చేది చెంపదెబ్బకి. వేషం కట్టింది మగాడు కాబట్టి కొట్టొచ్చు, కొట్టినా తప్పు కాదు, అయినా చూస్తున్న మనకి మాత్రం పెళ్ళాన్ని కొట్టినట్టే కనిపిస్తుంది. ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో గమనించండి! దీని మీద నేను రాయడం మొదలుపెట్టి మూడేళ్ళయింది, నాలుగు సార్లు చింపేశాను, ప్రతిసారీ అది 'వాళ్ళ' గురించిన వ్యాసంగా తయారవుతోంది. నవ్విన నేను ఎక్కడికో మాయమైపోతున్నాను.

నా వాదనకి అడ్డం వచ్చేవి లేకపోలేదు. 2025 మార్చిలో రాబిన్‌హుడ్ సినిమాలోని అదిదా సర్‌ప్రైజు పాటలో స్టెప్పు మీద జనం మండిపడ్డారు, తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యమైన డాన్సుల మీద హెచ్చరిక జారీ చేసింది, సినిమా హాళ్ళలోకి వచ్చేసరికి ఆ స్టెప్పు లేదు. కోపం పనిచేసింది, నేను చెప్పేదానికి ఇది ఎదురు సాక్ష్యం, ఒప్పుకుంటున్నాను. ఆ రోజు మండిపడ్డవాళ్ళలో నేను లేను, ఉండాల్సింది. ముప్పై సెకన్ల క్లిప్పు చూసి మండిపడాల్సిన సందర్భాలు ఉంటాయి, అప్పుడు మండిపడాలి, దానికి వ్యాసం అక్కర్లేదు, నాలుగు లైన్ల పోస్టు చాలు. నా గొడవ ఆ నాలుగు లైన్లని నాలుగు పేజీలు చేసి దాన్ని విమర్శ అనుకోవడం మీద.

చిన్న సినిమాల గురించి కూడా అడుగుతుంటారు. పది షోలు పడి, పదిమంది చూసి, సోమవారానికి పోయే సినిమాని చీల్చి చెండాడడం నేను మానేశాను. మీరు పిరికివాళ్ళు, నచ్చనిది నచ్చలేదని చెప్పాలి అంటారు కొందరు. కావచ్చు. పావు పావు లెక్కన 2.75, 3.25 అని మార్కులు వేసే సైట్లు చాలా ఉన్నాయి, ఆ పావు ఎక్కడ తగ్గిందో వాళ్ళనే అడగండి.

ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. 2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట, ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల్లో ఆసుపత్రిలో పడ్డాడు. ఆ తర్వాత నెల రోజులు మనం ఏం మాట్లాడుకున్నాం? అరెస్టు న్యాయమా కాదా, హీరో చెయ్యి ఊపాడా లేదా, ముఖ్యమంత్రి ఏమన్నారు. నాకు ఆ నెలంతా మెసేజీలే, ఏదో ఒక వైపు రాయమని. నేను రాయలేదు, రెండు వైపులూ నాకు నచ్చక కాదు, ఆ రెండు వైపుల్లోనూ నేను లేను కాబట్టి. నేనున్నది టికెట్ కొన్నవాళ్ళలో. ఆ రాత్రి ఆటకి తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలు పెంచుకోనిచ్చారు. ఆ సినిమాకి కాదు గానీ అలాంటి రాత్రి ఆటలకి నేను వెళ్ళాను, రెండుసార్లు, కాగితం ముక్కలు చింపి చల్లాను, హీరో ఎంట్రీకి గొంతు పోయేలా అరిచాను, తెల్లారి గొంతు పోయిందని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. బెనిఫిట్ షో అంటే ఒకప్పుడు ఏదో సహాయ నిధి కోసం వేసే ఆట. ఆ 'బెనిఫిట్' ఎవరిదో ఎప్పుడు మారిపోయిందో, తెల్లారాక చూడగలిగిన సినిమాని ముందు రాత్రే చూడాలని నాకెందుకు అంత తహతహో, ఆ తహతహ ధర 800 అని లెక్క కట్టింది ఎవరో, ఇదీ నా విషయం. ఇది రాస్తే అభిమానులకీ కోపం రాదు, ప్రభుత్వానికీ రాదు. బహుశా ఎవరూ చదవరు. డబ్బింగ్ చెప్పేవాళ్ళ మీద ఒకసారి రాశాను, మన హీరోయిన్లలో చాలామంది ఏళ్ళ తరబడి ఇంకో ఆడమనిషి గొంతుతో బతికారని, సమంత తన గొంతు తాను చెప్పుకోవడానికి 2010 ఏ మాయ చేశావే నుంచి 2018 మహానటి దాకా పట్టిందని. అది రాసినందుకు నాకు ఇప్పటికీ సంతోషం. మొత్తం చదివింది అరవై మంది, అందులో నలుగురు మా చుట్టాలు.

కాబట్టి ఇప్పుడు నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. సినిమా నుంచి వచ్చాక ఏం నచ్చలేదో రాయను, అది ఎలాగూ గుర్తుంటుంది. ఎక్కడ నవ్వానో, ఎక్కడ కళ్ళు తుడుచుకున్నానో, ఎక్కడ పక్కవాళ్ళందరూ నవ్వుతుంటే నాకు రాలేదో రాస్తాను. ఒకే రకం చోట మూడు వేర్వేరు సినిమాల్లో నవ్వినట్టు తేలితే అక్కడ గీత గీస్తాను. పోయిన ఏడాది ఇలా గీతలు పడినవాటిలో నత్తిగా మాట్లాడే పాత్ర ఒకటి, ఇంగ్లీషు తప్పుగా మాట్లాడే పల్లెటూరి తండ్రి ఒకటి. ఆ తండ్రి దగ్గర మాత్రం పేజీ మీద చాలాసేపు పెన్ను కదల్లేదు. మా నాన్న బ్యాంకులో మేనేజరుతో మాట్లాడుతుంటే నేను బయట నిలబడ్డ రోజు ఒకటుంది.

ఇది రాస్తుండగా అమ్మ ఊరి నుంచి వచ్చింది, బలగం మళ్ళీ పెట్టుకుని చూశాం. మొదటిసారి చూసినప్పుడు నేను చివరి పాటకి వెక్కి వెక్కి ఏడ్చాను, మా మాట, మా చావు, మా కాకి, అన్నీ తెర మీద, నాయినమ్మ లేదు చూడడానికి. ఈసారి కూడా ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. అయిపోయాక రిమోట్ నా చేతికిచ్చి, "మంచిగనే తీసిండ్రు గని, మనోళ్ళు ఎప్పుడు జూసినా తాగుడేనా బిడ్డా? మీ నాయిన ఒక్కనాడన్న తాగిండా?" అంది. దసరాలోనూ ఊరి మధ్య బారే కదా అని నేను అనబోయి ఊరుకున్నాను. విలన్‌కిచ్చిన మాటని లాక్కొచ్చి హీరోకి ఇప్పించుకున్నాం, దాంతోపాటు చేతిలోకి ఒక సీసా కూడా వచ్చిందా అని అమ్మ అడుగుతోంది. నోట్‌బుక్‌లో అమ్మ మాట అలాగే రాసి పెట్టుకున్నాను, కింద తేదీ వేశాను. వ్యాసం ఇంకా మొదలుపెట్టలేదు. రెండుసార్లూ ఎందుకు ఏడ్చానో ముందు అది తేల్చుకోవాలి.